శుక్రవారం నీళ్లు

మూడేళ్ల క్రితం, ఎండాకాలం మొదట్లో, నన్ను కొత్తగూడ రూటుకు వేశారు. అప్పుడు నేను శేరిలింగంపల్లి వైపు ఒక ప్రైవేటు నీటి పరీక్షల ల్యాబులో జూనియర్ అనలిస్టును. ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేను. పదవీ విరమణ అనేది నా వయసుకు పెద్ద మాట కాబట్టి, మానేశాననే చెబుతాను. ఆ పని ఎలా ఉండేదని అడిగేవాళ్లకు ఎక్కువగా ఈ ఒక్క సంగతే చెబుతుంటాను.

రూటు అంటే వారంలో ఒక రోజు ఒక ప్రాంతానికి వెళ్లి, ఒప్పందం ఉన్న అపార్టుమెంట్లలో నీటి నమూనాలు సీసాల్లో పట్టి తేవడం. కొత్తగూడకు మంగళవారం. అక్కడ ఐదంతస్తుల భవనం ఒకటి పూర్తిగా బోరు నీళ్ల మీదే నడిచేది. ఆ బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం చాలా ఎక్కువ. మా భాషలో దాన్ని కాఠిన్యం అంటాం. ఇళ్లలో దానికి పేరు అక్కర్లేదు. కుళాయి మూతుల చుట్టూ తెల్లటి పెచ్చులు, ఏడాదికోసారి కాలిపోయే గీజర్ కాయిల్, సగం రంధ్రాలు మూసుకుపోయిన షవర్, ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకుగానే ఉండే కందిపప్పు.

అందుకే వాళ్లు సాఫ్ట్‌నర్ ప్లాంటు పెట్టించుకున్నారు. అందులోని రెజిన్ పూసలు కాఠిన్యాన్ని పట్టుకుంటాయి. కొన్ని వేల లీటర్లయ్యాక ఇక పట్టుకోలేవు. అప్పుడు ఉప్పునీళ్లతో వాటిని కడగాలి. దాన్ని రీజనరేషన్ అంటాం, ప్లాంటు నడిపేవాళ్లు మాత్రం ఉప్పు వేయడం అనే అంటారు. అక్కడ ఆ పని యాదయ్యది. యాభై దాటిన మనిషి. పంపు గది పక్కన ఒక్క గదిలో భార్యతో, పదో తరగతి చదివే కూతురుతో ఉండేవాడు. ఆ గది ఉద్యోగంతో వచ్చిందే.

ప్లాంటు ఉన్నా ఫిర్యాదులు ఆగలేదు. రెండో అంతస్తులో ఉండే లక్ష్మి గారు నేను వెళ్లినప్పుడల్లా మెట్ల దగ్గర ఆపేవారు. భీమవరం వైపు మనిషి, నెమ్మదిగా మాట్లాడతారు. షాంపూ నురగ రావడం లేదని, జుట్టు పీచులా అయిపోతోందని, దువ్వెనకు సగం వస్తోందని చెప్పేవారు. నేను తల ఊపి సీసా నింపుకునేదాన్ని. ల్యాబుకు తెచ్చి పరీక్షిస్తే నీళ్లు బాగుండేవి. వరసగా నాలుగు మంగళవారాలు అలాగే రాశాను: శుద్ధి చేసిన నీటి కాఠిన్యం పరిమితిలో ఉంది.

నాలుగో మంగళవారం అసోసియేషన్ సెక్రటరీ ప్రసాద్ గారు నన్ను పార్కింగ్‌లో ఆపి, నా రిపోర్టులు నాలుగూ ఫైల్లో పెట్టానని చెప్పారు. ఐటీ కంపెనీలో మేనేజరు ఆయన, దేన్నైనా కాగితం మీద చూస్తేనే నమ్ముతారు.

"మీరొచ్చే రోజు నీళ్లు బావుంటాయి, మిగతా రోజులు బావుండవు. అంటే ఏంటండీ? మీరొస్తారని తెలిసినప్పుడే ఉప్పు వేస్తున్నాడు. మిగతా ఉప్పు సంచులు బయటికి పోతున్నాయి. ఆదివారం మీటింగులో యాదయ్యని తీసేస్తున్నాం."

కాదని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అవునని చెప్పడానికీ లేదు. సీసాల పెట్టె పట్టుకుని వచ్చేశాను. వచ్చేటప్పుడు యాదయ్య గేటు తీస్తూ, బిడ్డ పరీక్షలు అయ్యేదాకన్నా ఉండనిస్తే చాలని, తల వంచుకుని గేటుతోనే అన్నట్టు అన్నాడు.

నాకు డైరీ రాసే అలవాటు. మనుషులతో మాట్లాడలేనివి అందులో రాసుకుంటాను, వాళ్లు మాట్లాడినవీ రాసుకుంటాను. మూసాపేటలో నేనుండే గదికి చేరి పాత పేజీలు తిరగేశాను. లక్ష్మి గారి మాటలు నాలుగు చోట్లున్నాయి. 'మొన్న శుక్రవారం తల రుద్దుకుంటే ఒకటే జిగురు.' 'శుక్రవారం షాంపూ రెండు సార్లు వేసినా నురగ లేదు.' మిగతా రెండింటిలోనూ శుక్రవారమే. ఆమె ఆ మాటను నొక్కి చెప్పలేదు. నేనూ రాసేటప్పుడు గమనించలేదు.

ఆ భవనంలో ఉప్పు వేసే రోజులు అసోసియేషన్ నిర్ణయించింది: సోమ, బుధ, శుక్రవారాలు మధ్యాహ్నం రెండింటికి. ఆదివారం అందరూ ఇళ్లలోనే ఉంటారని ఆ రోజు తెల్లవారుజామున కూడా కలిపారు. నేను వెళ్లే మంగళవారం పదకొండింటికి పూసలు కడిగి ఒక్క రోజు కూడా కాదు. శుక్రవారం పొద్దుటికి దాదాపు రెండు రోజులు. పైగా ఆ రోజు ఇంటింటా తలస్నానాలు, గడపలు కడగడాలు. ఐటీ వాళ్లలో సగం మంది శుక్రవారం ఇంటి నుంచే పనిచేస్తారు. ఈ లెక్క ఎవరూ వేయలేదు.

మర్నాడు మా సీనియర్ కెమిస్టు మూర్తి గారికి చెప్పాను. చెప్పడానికి గంట పట్టింది, అందులో మాటలు ఐదు నిమిషాలే. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, "మనం సర్టిఫై చేసేది సీసాలో వచ్చిన నీళ్లనమ్మా, బిల్డింగుని కాదు" అన్నారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. కాసేపటికి బీరువా తీసి ఫీల్డ్ కిట్ నా చేతికిచ్చారు. దాంతో తీసిన రీడింగ్ సూచన కోసమే, రిపోర్టులో పెట్టడానికి వీల్లేదని గుర్తుచేశారు.

ఫీల్డ్ కిట్ చిన్న పెట్టె. నీళ్లలో సూచిక ద్రావణం వేస్తే, కాఠిన్యం ఉంటే ద్రాక్షసారా లాంటి ఎరుపు వస్తుంది. తర్వాత రెండో సీసాలోది చుక్క చుక్కగా వేస్తూ నీలం రంగు వచ్చేదాకా లెక్కపెట్టాలి. చుక్కలు ఎక్కువైతే కాఠిన్యం ఎక్కువ.

శుక్రవారం పొద్దున ఆరింటికి నన్ను గేటు దగ్గర చూసి యాదయ్య మొహం మారిపోయింది.

"ఏంది మేడం, ఇయ్యాల మీ దినం కాదు గదా. నన్ను పట్టుకోనీకి వచ్చిండ్రా?"

కాదన్నాను. అతను నమ్మినట్టు లేదు. అయినా పంపు గది తెరిచాడు. గోడ మీద సుద్దముక్కతో రాసిన అంకెలున్నాయి. ఉప్పు వేసిన ప్రతిసారీ నీటి మీటరు ఎంత చూపించిందో రాసుకున్నాడు. ఎవరు రాయమన్నారని అడిగాను. "ఎవలూ అనలే. యాదికుంటదని రాస్త" అన్నాడు.

ఆరింటికి ప్లాంటు నుంచి వచ్చే నీళ్లకు రెండు చుక్కలు చాలాయి. ఆరున్నరకూ రెండే. పైన మోటార్ల చప్పుడు పెరిగింది. ఏడింటికి నాలుగు. మీటరు వేగంగా తిరుగుతోంది. ప్లాంటు రేకు మీద, ఒకసారి ఉప్పు వేస్తే ఎన్ని లీటర్లు వస్తాయో చెక్కి ఉంది. బుధవారం అంకె నుంచి లెక్కేస్తే ఏడుంబావుకు ఆ పరిమితి దాటింది. ఏడున్నరకు పన్నెండు చుక్కలు వేశాక గానీ రంగు మారలేదు.

ఎనిమిదింటికి తడి తలకు తువ్వాలు చుట్టుకుని లక్ష్మి గారు పంపు గదికి దిగొచ్చారు, మళ్లీ నురగ లేదని చెప్పడానికి. ఆమె వెనకే చెవిలో ఇయర్‌ఫోన్‌తో ప్రసాద్ గారు. అప్పుడే పట్టిన నీళ్లలో సూచిక వేశాను. చుక్కల సీసా లక్ష్మి గారి చేతిలో పెట్టి, మీరే లెక్కపెట్టండి అన్నాను. ఇరవై దాటినా ఎర్రగానే ఉంది.

"చూశారా, ఉప్పు వేయలేదు" అన్నారు ప్రసాద్ గారు.

"బుధారం ఏసిన సార్. పొద్దుగాల మొత్తం బిల్డింగు తలకు పోస్కుంటే గా ప్లాంటు ఏం జేస్తది?"

"అయితే శుక్రవారం తలస్నానం మానేయమంటావా యాదయ్యా?" అన్నారు లక్ష్మి గారు.

"మీరు మానకుండ్రమ్మా. నన్ను మాన్పించకుండ్రి."

అప్పుడు నేను పొద్దుటి నుంచి చుక్కల లెక్క రాసుకున్న నోట్‌బుక్ తెరిచి ప్రసాద్ గారి ముందు పెట్టాను. బుధవారం ఉప్పు వేయకపోయి ఉంటే గురువారానికే నీళ్లు చెడిపోవాలి, ఈ రోజు ఆరింటికి రెండు చుక్కలతో సరిపోదు. ఇంతవరకు నోటితోనే చెప్పాను. ఆయన గోడ మీది అంకెలు, మీటరు, రేకు మార్చి మార్చి చూశారు. ఫోనులో ఎవరికో పది నిమిషాల్లో కలుస్తానని చెప్పి, అక్కడే నిలబడి మొత్తం తానే మళ్లీ కూడుకున్నారు. చివరికి, "ఈ గదిలోకి నేను రావడం ఇదే మొదటిసారి యాదయ్యా" అన్నారు. క్షమాపణ అంతవరకే వచ్చింది. యాదయ్య ఆ మధ్యాహ్నం దాకా ఆగకుండా అప్పుడే ఉప్పు సంచి విప్పాడు.

ఆదివారం మీటింగు జరిగింది, కానీ తీసేయడం గురించి కాదు. ఇకనుంచి వారాన్ని బట్టి కాక మీటరును బట్టి ఉప్పు వేయాలని రాసుకున్నారు. తర్వాతి మంగళవారం గేటు తీస్తూ యాదయ్య, ఇగ ఫికర్ లేదన్నాడు. నేను తల ఊపాను. తిరిగి వస్తూ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక గానీ, వారం రోజులుగా ఎంత బిగబట్టుకుని ఉన్నానో నాకు తెలియలేదు.

నాలుగు మంగళవారాలు నేను రాసిందాంట్లో అబద్ధం లేదు. నమూనా తాను పట్టిన గంట గురించి మాత్రమే నిజం చెబుతుంది. మిగతా గంటల గురించి అడగడం అనలిస్టు పని. నేను అడగకపోతే, నేను రాసిన నిజమే ఒక మనిషి ఉద్యోగం తీసేసేది.

మా సీసాల లేబుళ్ల మీద తేదీకి, సమయానికి గడులుండేవి. ఆ రెంటి మధ్య ఖాళీలో వారం పేరు రాయడం మొదలుపెట్టాను. ఎందుకని మూర్తి గారు అడగలేదు. పాత లేబుళ్లు అయిపోయి కొత్తవి అచ్చయి వచ్చినప్పుడు చూస్తే, వాటి మీద వారం పేరుకూ ఒక గడి ఉంది.