కాలవ గట్టు మీద బండి ఆపించిన డాక్టరు గారు

మొన్న పిడుగురాళ్ళ బస్టాండు పక్కన ఒక హోటల్లో చేయి కడుక్కోబోతే, అక్కడున్న ఎర్ర సబ్బు ముక్క వాసన ఘాటుగా ముక్కుకు తగిలింది. నాకు తెలియకుండానే మోచేతుల దాకా రుద్దుకోవడం మొదలుపెట్టాను. పక్కనున్నాయన వింతగా చూశాడు. పద్నాలుగేళ్ళు రంగయ్య డాక్టరు గారి పక్కన నిలబడి ఆ సబ్బుతోనే అలాగే కడుక్కున్నాను మరి. రాజుపాలెం చుట్టుపక్కల పల్లెలకు ఆయన పశువుల డాక్టరు. నేను ఆయన దగ్గర కాంపౌండర్ని.

ఆయన ఉద్యోగంలో చేరిన రోజు మా ఆస్పత్రి పైకప్పు బాగుచేస్తున్నారు. గది నిండా సున్నం, పెళ్ళలు. పని పూర్తయ్యాక వచ్చే వారం మొదలుపెడదామని నేనే సలహా ఇచ్చాను. ఇంతలో ఒక ముసలామె జ్వరంతో వణుకుతున్న గేదెను తోలుకొచ్చింది. ఆయన మారుమాట లేకుండా సంచీ విప్పి, బయట ఎండలోనే సూది వేసి పంపారు. తర్వాత నా వైపు తిరిగి, "గొడ్డుకి వచ్చే వారమంటే ఏందో తెలవదు కోటయ్యా" అన్నారు. ఆ వారమంతా వైద్యం ఆరుబయటే నడిచింది. ఈయన తొందర మనిషి అనుకున్నాను.

నాది వాయిదాల తత్వం. నాన్న పోయాక చదువు మానేసి నన్ను చదివించినవాడు మా అన్నయ్య వీరయ్య. పంచాయతీ ఎన్నికల్లో ఆయనొక పార్టీ, నేనొక పార్టీ అయ్యాం. ఓట్లు లెక్కపెట్టిన సాయంత్రం, ఊరంతా వింటుండగా, "నువ్వసలు మా నాన్నకే పుట్టావా?" అన్నాను. అన్నయ్య వెనక్కి తిరిగి ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆరేళ్ళు మాటల్లేవు. క్షమాపణ అడగాలని నాకూ ఉండేది. తిరునాళ్ళప్పుడు అడుగుదామనుకున్నాను, ఆయన కూతురి పెళ్ళికి అడుగుదామనుకున్నాను. ప్రతిసారీ ఇది సమయం కాదనిపించేది.

ఒక మధ్యాహ్నం డాక్టరు గారికి అన్నయ్య దగ్గర నుంచే ఫోన్ వచ్చింది. గేదె ఈనలేక అవస్థ పడుతోందట. బండి మీద ఆయన్ను తీసుకెళ్ళాను గానీ వాకిట్లోనే ఆగిపోయాను.

"మీరు పోండి సార్, నేనిక్కడ ఉంటా."

"నువ్వు మాట్లాడొద్దులే. నాకు నీ చేతులు కావాల. రా."

కొట్టంలోకి వెళ్ళాను. గేదె కడుపులో దూడ తల వెనక్కి తిరిగి ఉంది. అన్నయ్య గేదె తలను పట్టుకున్నాడు. డాక్టరు గారు దూడ తలను సరిచేశాక, దాని ముందుకాళ్ళకు కట్టిన తాడు నేను లాగాను. అరగంట పట్టింది. "గట్టిగా పట్టుకో" అన్నాను ఒకసారి. "పట్టుకున్నా" అన్నాడు అన్నయ్య. దూడ బయటపడి, ఊపిరి తీసుకుంది. వదిన నీళ్ళు తెచ్చి పోసింది. కడుక్కుని బయలుదేరాం.

కాలవ గట్టు ఎక్కాక వెనకనుంచి డాక్టరు గారు నా భుజం తట్టారు. "బండాపు. మీ అన్న నీ వంక చూస్తా ఉన్నాడు, నువ్వేమో తాడు వంక చూస్తన్నావు. ఏంది సంగతి?"

చెప్పాను.

"క్షమాపణ అడుగుతా సార్. మంచి టైం చూసుకుని, పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి..."

"ఆరేళ్ళనుంచి చూస్తన్నావుగా. దొరికిందా టైం?" బండి దిగి గట్టు మీద కూర్చున్నారు. "నేనిక్కడుంటా. పోయిరా."

"ఏం మాట్లాడాలో ఆలోచించుకోలేదు సార్."

"ఆ రోజు ఆలోచించే అన్నావా?"

వెనక్కి వెళ్ళాను. అన్నయ్య దూడ పక్కన కూర్చుని గడ్డితో దాని ఒళ్ళు తుడుస్తున్నాడు. "అన్నయ్యా, ఆ రోజు నేనన్నది తప్పు" అన్నాను. ఆయన తల ఎత్తలేదు. తుడవడం ఆపలేదు. తుడుస్తూనే, "నన్నేమన్నా పడేవాణ్ణిరా. నువ్వు అమ్మనన్నావు" అన్నాడు. నేనూ పక్కన కూర్చుని పిడికెడు గడ్డి అందుకున్నాను. దూడ ఒళ్ళు ఆరాక అన్నయ్య వదినను పిలిచి, "వాడికి అన్నం పెట్టు" అన్నాడు. డాక్టరు గారు ఎండలో నా కోసం కూర్చునే ఉన్నారు. నేను తిరిగొచ్చాక నా ముఖం చూసి, బండెక్కారు.

అన్నయ్య ఆ తర్వాత రెండేళ్ళు కూడా బతకలేదు. ఉన్నన్నాళ్ళు మిరప కల్లంలో పక్కపక్కన కూర్చునేవాళ్ళం, పెద్దగా మాట్లాడుకున్నది లేదు. నా మాటను ఆయన పూర్తిగా మరిచిపోయాడని నేననుకోను. గుండె ఆగి ఆయన పోయిన రోజు పాడె కింద నా భుజం పెట్టాను. పక్కకు జరగమని ఎవరూ అనలేదు.

డాక్టరు గారు రిటైరై నరసరావుపేటలో స్థిరపడ్డారు. మంచాన పడ్డారని తెలిసి వెళ్ళి, ఆనాటి సంగతంతా చెప్పి చేతులు పట్టుకున్నాను. ఆయనకు గుర్తే లేదు. "అట్టాంటియ్యి చానా జరిగినయ్యిలే కోటయ్యా" అన్నారు. నెల తిరక్కుండానే పోయారు.

వాయిదా వేసే బుద్ధి నాకిప్పటికీ పూర్తిగా పోలేదు. కానీ ఎవరితోనైనా చెప్పాల్సిన మాట ఉండిపోతే ముందు లేచి చెప్పులు వేసుకుంటాను. మాటలు కూర్చుకుందామని దారిలో ఆగను. ఆ ఇంటి ముందు నిలబడ్డాక ఎదుటి మనిషిని నోరారా పిలుస్తాను. చాలాసార్లు ఆ పిలుపే సరిపోయింది.