ఈశాన్యం కాలు

కరోనా తరువాత షూటింగులు మళ్ళీ పుంజుకున్న ఏడాది, వానాకాలంలో, ఫిల్మ్‌నగర్‌లోని ఒక అద్దె పరికరాల కంపెనీ నన్ను తనిఖీ సూపర్‌వైజరుగా వేసింది. అంతకుముందు అక్కడే స్టోరులో సామాను అందించేదాన్ని. నలభై దాటాక చదవడం, రాయడం నేర్చుకోబట్టి ఆ పని దక్కింది.

మా కంపెనీ షూటింగు ఫ్లోరులో పెద్ద ట్రస్సు ఒకటి శాశ్వతంగా ఉండేది. ట్రస్సంటే లైట్లను, వాన పైపులను, ఫైటర్లను వేలాడదీసే తాళ్ళను మోసే అల్యూమినియం చట్రం. దాని నాలుగు కాళ్ళూ అల్యూమినియమే. కింద ఒక్కో కాలిని ఉక్కు పలకకు ఉక్కు బోల్టులతో బిగిస్తారు. ఈ బాధ్యతంతా ఫోర్‌మన్ సత్యంగారిది. భీమవరం మనిషి, ట్రస్సును ఇంటి ఆవులా చూసుకునేవారు.

వానలో ఫైటు తీయడానికి ముందు రోజు తనిఖీకి వెళ్ళాను. బోల్టులన్నీ మెరుస్తున్నాయి. ఈశాన్యం కాలి అడుగున మాత్రం తెల్లని పొడి కనిపించింది. బోల్టు విప్పిస్తే, దాని చుట్టూ అల్యూమినియం తరిగిపోయి రంధ్రం వెడల్పయింది. వాడకూడదని ఎర్ర చీటీ కట్టాను.

జూబ్లీ హిల్స్ నుంచి ఓనరుగారు వచ్చారు.

"మూడు కాళ్ళు బాగుండి ఇదొక్కటే పాడైందంటే, ఒళ్ళు దాచుకున్నారనే కదండీ సత్యంగారూ? రేపు ఆ డూపు అమ్మాయి దీనికే వేలాడాలి. ఈ నెలతో మానేయండి."

"నూనెగుడ్డ పెట్టకుండా ఏ సాయంత్రం ఇంటికెళ్ళానో యాదమ్మని అడగండి" అన్నారాయన. వెళ్ళలేదనే చెప్పాను. ఓనరుగారు నమ్మలేదు.

మధ్యాహ్నం ఇంజినీరు నస్రీన్ మేడమ్ వచ్చి చూసింది. ఉక్కు, అల్యూమినియం ఒకదాన్నొకటి తాకుతూ ఉండగా మధ్యలో ఉప్పు కలిసిన తడి చేరితే ఆ జోడు బ్యాటరీలా పనిచేస్తుందనీ, ఉక్కు నిలిచి అల్యూమినియం కరిగిపోతుందనీ చెప్పింది. అందుకే బోల్టు చూసి మోసపోతామట.

"వాన నీళ్ళు నాలుగు కాళ్ళ మీదా పడ్తయి గదా. దీనిమీద ఒక్కదానిమీదనే ఏం పడ్తుంది?" అని అడిగాను.

లైట్‌మన్ రాజు తల గోక్కున్నాడు.

"కొబ్బరినీళ్ళు పడ్తయి మేడమ్. ఈశాన్యం గదా. ఏ సిన్మా మొదలైనా సత్యం సారు గా పలక అంచు మీదనే కొడ్తడు. దేవుడు తాగంగ మిగిలింది కాలు తాగింది."

కొబ్బరినీళ్ళలోనూ ఉప్పులుంటాయని నస్రీన్ మేడమ్ తలూపింది. సత్యంగారు లైటు పెట్టె మీద కూర్చుండిపోయారు. ఓనరుగారు కాసేపు పలకనే చూశారు.

"హారతి పళ్ళెం పట్టుకుని అక్కడే కొట్టమన్నది నేనేనండీ. ఇందాకటి మాట మర్చిపోండి" అన్నారు.

షూటింగు వాయిదా పడింది. కాలు మార్చాం. రెండు లోహాలు తాకకుండా మధ్యన రబ్బరు షీటు పరిచి, బోల్టులకు నైలాన్ తొడుగులు, వాషర్లు వేశాం. కొబ్బరికాయకు గుమ్మం బయట ఒక రాయి వేశాం. సత్యంగారికి అది నచ్చలేదు.

"మరి ట్రస్సుకి దిష్టి తగిలితేనో?"

"నిమ్మకాయ కట్టుకోండి సార్" అంది నస్రీన్ మేడమ్. "గేటుకి కట్టండి. జర కాలుకి మాత్రం వద్దు, అది ఇంకా పులుపు."

సత్యంగారు మరో రెండేళ్ళు పనిచేసి, తన ఇష్టంతోనే మానేశారు.

ఆ తరువాత ఏ అతుకును తనిఖీ చేసినా బోల్టును కాక, దాని చుట్టూ ఉన్న మెత్తని లోహాన్ని ముందు చూసేదాన్ని. నాలుగింటిలో ఒకటే పాడైతే, ఎవరు పట్టించుకోలేదని అడిగేముందు, దాన్ని ఎవరు ఎక్కువగా పట్టించుకుంటున్నారో కనుక్కునేదాన్ని.