తాళి వేళకు అడిగిన పాస్‌వర్డ్

మార్కాపురంలో మా ఇంటి టీవీ కింద ఒక పాత కంప్యూటర్ ఉంది. ఇరవై ఏళ్ల ఇంటి ఫోటోలన్నీ అందులోనే. ఎక్కడున్నా ఫోన్ నుంచి దాన్ని తెరవగలను. నేను దాన్ని సర్వర్ అంటాను, అమ్మ డబ్బా అంటుంది. ఇప్పుడు ఆలోచిస్తే అమ్మ మాటే నిజం.

గిద్దలూరులో మా అక్క కూతురి పెళ్లి. పదేళ్లొచ్చేదాకా అమ్మ చేతుల్లో పెరిగిన పిల్ల. వారం ముందు అమ్మ బాత్‌రూమ్‌లో జారి కాలు విరగ్గొట్టుకుంది. కదలొద్దన్నారు. తాళి కట్టేది చూడకపోతే ఎట్ల రా అని ఏడ్చింది. "ఫోటోగ్రాఫర్ లైవ్ పెడతాడు, టీవీలో చూద్దువులే" అని, తగుదునమ్మా అని డబ్బాను టీవీకి తగిలించి అందులోనే లైవ్ పెట్టి, పక్కింటి అత్తను తోడు కూర్చోబెట్టి బయల్దేరాను.

మేనమామను గదా, పిల్లను బుట్టలో కూర్చోబెట్టి తెచ్చాం. దాంతో నా పని అయిపోయింది. ముందు వరుసలో కూర్చుంటే పెళ్లికొడుకు చిన్నాన్న పక్కన చేరాడు.

"ఏంది బావా, ఇంట్లో పెద్ద కంప్యూటర్ పెట్టినావంట? మాకు ఈ ఫోనే చాలు."

నాకు మండింది.

ఇంట్లో టీవీ తెరను కదిలించకుండా లోపలికి వెళ్లే దారి ఒకటుంది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వస్తాయి, కావలసిన ఫోటో తెచ్చుకోవచ్చు. టీవీ చూసేవాళ్లకు తెలియను కూడా తెలియదు. కానీ అక్షరాలు చూసి చిన్నాన్న నోరెళ్లబెడతాడా? అందుకని రెండో దారి పట్టాను. అందులో కంప్యూటర్ మొత్తం నా ఫోన్‌లోకి వస్తుంది. ఇంట్లో తెర మాత్రం మూసుకుపోయి పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ సంగతి అప్పుడు గుర్తు రాలేదు. గొప్పలకు పోయేవాడికి ఏం గుర్తుంటుంది?

పిల్ల మూడేళ్లప్పుడు బొమ్మ కోసం ఏడ్చిన ఫోటో, బడికి పోయిన మొదటి రోజు ఫోటో, ఒక్కొక్కటే చూపించాను. మధ్యలో అమ్మ ఫోన్ చేసింది. కట్ చేశాను. మళ్లీ చేసింది, మళ్లీ కట్ చేశాను. గట్టిమేళం మోగింది. తలెత్తేసరికి అందరూ అక్షింతలు వేస్తున్నారు. నేనూ నాలుగు గింజలు విసిరాను.

బయటికొచ్చి అమ్మకు ఫోన్ చేశాను.

"పిల్ల పీటల మీద కూర్చుంది, అంతే, టీవీ మూసకపోయింది రా. ఏందో పాస్‌వర్డంట. పక్కింటి వదిన నీ పేరు కొట్టింది, ఊరి పేరు కొట్టింది, నా పేరు గూడ కొట్టింది."

నా మీద నాకే అసహ్యం వేసింది. "వీడియో వస్తుందిలే అమ్మా" అన్నాను.

"వీడియో అందరికీ వస్తది. నువ్వు ఆడనే ఉండావు గదా, నువ్వు చెప్పు. తాళి కట్టేటప్పుడు పిల్ల ఏడ్చిందా, నవ్విందా?"

అబద్ధం చెబుదామన్నా రెండింటిలో ఏది చెప్పాలో తెలియలేదు.

అమ్మే మళ్లీ అడిగింది.

"ముందర కూర్చోని గూడ చూడలేదా రా?"