గదుల పిన్ని కడిగిన నేల

"పాప ఏడిస్తే మమ్మల్ని ఖాళీ చెయ్యమంటారా?"

తలుపు తీసిన ఆవిడతో నేనన్న మొదటి మాట అది. నమస్కారం పెట్టలేదు, పేరు చెప్పలేదు, పొద్దున ఫోన్ చేసింది మేమేనని కూడా చెప్పలేదు. భుజం మీద పాప, వెనక మెట్ల మీద సూట్‌కేసులు లాక్కుంటూ మా ఆవిడ. అంతకు ముందు దిగిన చోట పక్క గదివాళ్లు ఫిర్యాదు చేశారని మమ్మల్ని చాలా మర్యాదగా బయటికి పంపించారు. ఆ మర్యాదే నన్ను ఇంకా భయపెట్టింది.

ఆవిడ నా వైపు చూడలేదు, పాప వైపు చూసింది.

"ఏడవని పిల్ల ఎక్కడైనా ఉంటే పట్టుకురండి, అద్దె లేకుండా ఉంచుకుంటాను. ముందు లోపలికి రండి. చెప్పులు అక్కడ."

అలా తెలిసింది మాకు గదుల పిన్ని. ఆ ఊళ్లో మన భాష మాట్లాడేవాళ్లంతా ఆవిడని అలాగే అనేవారు. ఆవిడకంటే పెద్దవాళ్లకి కూడా ఆవిడ పిన్నే. ఒక పాత భవనంలో పై అంతస్తు మొత్తం అద్దెకు తీసుకుని, అందులో గదులు రోజులకీ వారాలకీ ఇచ్చేది. ఉద్యోగానికి కొత్తగా వచ్చి ఇల్లు దొరకనివాళ్లు, పక్కనున్న పెద్దాసుపత్రిలో మనిషిని చేర్చి ఎదురుచూసేవాళ్లు, ఇలాంటివాళ్లే వచ్చేవారు.

మా ఆవిడకి ఆ ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగం. నాకు పనిచేసే అనుమతి ఇంకా రాలేదు. మన దగ్గర కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి, ఇక్కడ పగలంతా పాపని చూసుకుంటూ గదిలో ఉండేవాణ్ణి. ఆ సంగతి విన్నప్పటి నుంచి పిన్నికి నేను మేష్టార్ని.

"ఏం మేష్టారూ, పాలసీసా అలా వెలుగుకి పట్టి చూస్తున్నారు? రంగు మారాలా?"

"గీత దగ్గరికి సరిగ్గా వచ్చాయో లేదోనని పిన్నిగారూ."

"అది తాగేవి పాలయ్యా, మీ పరీక్షనాళిక కాదు. ఇలా ఇవ్వండి."

పాప నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాణ్ణి. నిద్ర లేస్తే నుదురు పట్టుకుని చూసేవాణ్ణి. గదిలో తేమ ఎంత, వేడి ఎంత అని చూపించే చిన్న మీటరొకటి కొని గోడకి తగిలించాను. పిన్ని భర్త, బాబాయి, దాని ముందు ఆగి చదివి, "ఇది మా ఆవిడ కోపం కూడా చూపిస్తుందా నాయనా? వంటింట్లో ఒకటి పెట్టుకుంటాను," అన్నాడు. గోడౌన్‌లో బరువులెత్తి నడుం పాడైపోయిన మనిషి. వంట ఆయనది, గదులు ఆవిడవి.

ఈ గదులు పెట్టకముందు పిన్ని చాలా ఏళ్లు ఒక పెద్ద హోటల్లో గదులు శుభ్రం చేసేది. ఆ పని కష్టం గురించి ఎప్పుడూ చెప్పుకోలేదు. ఆవిడ బాధ వేరే.

"నీళ్లు లేవు మేష్టారూ. సీసాతో చిలకరించు, గుడ్డతో తుడువు, పక్క గదికి పో. తుడిస్తే మురికి పోతుందా? ఇక్కణ్ణించి అక్కడికి జరుగుతుంది. ఎవరెవరో వాడిన బాత్రూము, ఒక్క చెంబుడు నీళ్లు పోసి కడగనివ్వరు. ఇంటికొచ్చాక చేతులు ఎన్నిసార్లు తోముకున్నా అదే గుడ్డ పట్టుకున్నట్టుండేది. నాకంటూ నాలుగు గదులుంటే మాత్రం కడుగుతాను అనుకున్నా. కడుగుతున్నా."

నిజంగానే కడిగేది. చీర కుచ్చెళ్లు ఎగదోపి, బకెట్ల కొద్దీ నీళ్లు గుమ్మరించి, చీపురుతో రుద్ది, వైపర్‌తో నెట్టుకుంటూ వచ్చేది. ఈ దేశంలో బాత్రూము నేలకి నీళ్లు పోయే కన్నం ఉండదు. స్నానాల తొట్టిలో పోసుకున్న నీళ్లు తొట్టిలోనే పోవాలి, బయట నేల పొడిగా ఉండాలి. పైకి టైల్స్‌లా కనిపించే పల్చటి షీటు, దాని కింద అంతా చెక్కే. పిన్ని ఆ నీళ్లన్నీ ఒక మూలకి నెట్టి, పాత తువ్వాళ్లతో అద్ది, తొట్టిలోకి పిండేది. అది రోజూ జరిగే తతంగం.

"మీ పిన్నికి నేల ఆరితే బెంగ," అనేవాడు బాబాయి.

పైగా ప్రతి బాత్రూములో ఒక బకెట్టు, మగ్గు, కూర్చోవడానికి చిన్న ప్లాస్టిక్ పీట. తొట్టి ఉన్నా అందరూ పీట మీద కూర్చుని బయటే పోసుకునేవారు. పగలంతా ఆసుపత్రి వరండాలో కూర్చుని, అర్థంకాని భాషలో అర్థంకాని జబ్బు గురించి విని వచ్చిన ఆడవాళ్లు ఆ బకెట్టు చూడగానే ఒక్కసారి ఊపిరి పీల్చుకునేవారు. లోపల నీళ్ల చప్పుడు చాలాసేపు వినిపించేది. ఆ చప్పుడు మధ్యలో ఏడిస్తే బయటికి తెలియదు. పిన్ని ఎవర్నీ తొందరపెట్టేది కాదు. "ఎన్ని నీళ్లు కావాలంటే అన్ని పోసుకోనీ. ఆ పిల్లకి ఇంక వేరే చోటేముంది?" అనేది.

ఈ ఊళ్లో నేను భయపడకుండా పాపని కింద దింపిన నేల అదొక్కటే. అంత శుభ్రం.

కింది అంతస్తులో గడియారాలు బాగుచేసే ముసలాయన ఒక్కడే ఉండేవాడు. ఆయనంటే పిన్నికి హడల్. ఆయన ఏమీ అనలేదు, అదే భయం. గదుల్లో దిగినవాళ్లందరికీ మొదటి రోజే చెప్పేసేది: మెట్ల మీద మెల్లగా, కుర్చీలు ఈడ్వద్దు, కింద పెద్దాయన ఉన్నాడు. మెట్ల మీద ఎదురైతే గోడకి అతుక్కుని, తల దించుకుని, సగం నవ్వు నవ్వి గబగబా ఎక్కేసేది. ఆయనా అంతే. ఏదో అనబోయినట్టు నోరు తెరిచి, టోపీ ముట్టుకుని దిగిపోయేవాడు.

"పలకరిస్తే పోయేదేముంది పిన్నిగారూ?" అన్నానొకసారి.

"మాట కలిపితే ఫిర్యాదు బయటికొస్తుంది. ఫిర్యాదు వస్తే ఓనరు వస్తాడు. ఈ గదులు పోతే నేను మళ్లీ ఆ గుడ్డ పట్టుకోవాలి మేష్టారూ. ఇంక నా వల్ల కాదు."

నాకు ఆ మాట సబబుగానే తోచింది. పాప ఏడుపు అందుకోగానే దాన్ని ఎత్తుకుని వంటింటి చివరికి పరిగెత్తేవాణ్ణి, ఆ చివర కింద ఎవరూ ఉండరేమోనని.

ఒకరోజు పొద్దున పాలు పడుతుంటే తలుపు చప్పుడైంది. తీస్తే ముసలాయన. భుజాల మీద, కనుబొమల మీద తెల్లటి పొడి. కోపంగా లేడు. ఒకసారి కిందకి రాగలరా అని అడిగాడు.

చప్పుడు విని పిన్ని కూడా వచ్చింది. "పాప గురించేనా?" అన్నాను పిన్నితో.

"మీరు నోరు మెదపకండి. నేను మాట్లాడతా," అంది కొంగు సర్దుకుంటూ. హోటల్లో నేర్చుకున్న ఆ దేశపు భాష ఆవిడకి నాకంటే బాగా వచ్చు.

కింద ఒకటే పెద్ద గది. కిటికీ దగ్గర పనిబల్ల, గోడలకి గడియారాలు. బల్ల మీద, విప్పి పెట్టిన చిన్న చిన్న చక్రాల మీద, భూతద్దం మీద సున్నం పెళ్లలు పడి ఉన్నాయి. పైకి చూశాను. సీలింగు మా బాత్రూముకి సరిగ్గా కింద తడిసిన అట్టలా కిందకి వేలాడుతోంది. పెచ్చు ఊడిన చోట చెక్క కనిపిస్తోంది, నల్లగా. దాని చుట్టూ గోధుమరంగు మరకలు, ఒకదాని చుట్టూ ఒకటి, చెట్టు మొద్దులో వలయాల్లా. అది ఒక్కరోజు మరక కాదు. కింద వరసగా గిన్నెలు పెట్టి ఉన్నాయి. ఒక్కో గిన్నెలో ఒక గుడ్డ మడత.

"గుడ్డ ఎందుకు?" అంది పిన్ని. ముందు అదే అడిగింది.

"బొట్టు పడితే చప్పుడవుతుంది. పైవాళ్లకి వినిపిస్తే బాధపడతారు కదా," అన్నాడాయన.

ఎన్నాళ్లుగా అంటే, పిన్నివాళ్లు పైకి వచ్చిన కొన్నాళ్ల నుంచీ అన్నాడు. మొదట్లో చిన్న చెమ్మ. చెబుదామని చాలాసార్లు మెట్లెక్కాడట. లోపల నుంచి ఎవరో ఒకరి ఏడుపు వినిపించేదట. జబ్బు మనుషుల తాలూకు వాళ్లు, వాళ్ల దగ్గరికి నీళ్ల గొడవ ఏం తీసుకెళ్తాను అని దిగిపోయేవాడట. మెట్ల మీద పిన్నితో చెబుదామంటే ఆవిడ తల దించుకుని పారిపోయేది. నిన్న పెచ్చు ఊడి పనిబల్ల మీద పడింది. ఓనరుకి చెప్పక తప్పలేదు. ఆయన వచ్చేలోపు మీకు ముందు నా నోటితో చెప్పాలని వచ్చాను, అన్నాడు.

పిన్ని సీలింగు కేసే చూస్తూ నిలబడిపోయింది. అంతలో నా చంకలో పాప గొంతెత్తింది. ముసలాయన దాన్ని తేరిపార చూశాడు.

"ఇదా! ఇంత చిన్నదా! ఆ గొంతు విని ఏ ఎనిమిదేళ్ల పిల్లో అనుకుంటున్నాను ఇన్నాళ్లూ."

నవ్వాడు. ఎవరికీ తిరిగి నవ్వడం చేతకాలేదు.

ఓనరు మధ్యాహ్నం వచ్చాడు, వడ్రంగిని తీసుకుని. ఆయనా మంచి మనిషే, అదే చిక్కు. అరిచి ఉంటే మేమూ అరిచేవాళ్లం. వడ్రంగి మా బాత్రూములో షీటు ఒక మూల పైకి లేపి, చెక్కలోకి స్క్రూడ్రైవర్ గుచ్చాడు. మగ్గిన జామపండులోకి దిగినట్టు పిడి దాకా దిగింది. ఇంకోచోట గుచ్చాడు. అక్కడా అంతే. స్క్రూడ్రైవర్ ప్యాంటుకి తుడుచుకున్నాడు.

దూలాలు రెండు పోయాయి, నేల మొత్తం లేపాలి, పైనా కిందా ఎవరూ ఉండకూడదు అని తేలింది. మళ్లీ గదులివ్వడం కుదరదని ఓనరు తల వంచుకుని చెప్పాడు.

వాళ్లు వెళ్లాక పిన్ని నా దగ్గరికి వచ్చింది.

"మేష్టారూ, మీరు సైన్సు చదివారు కదా. చెక్కలో నీళ్లు లాగేసే మందేదైనా ఉండాలే?"

తేమ లాగే లవణాలున్నాయి. వాటి పేర్లు నాకు తెలుసు. తేమ లాగితే పుచ్చిన చెక్క గట్టిపడదనీ తెలుసు. అయినా వెళ్లి దొరికినన్ని పొట్లాలు కొనుక్కొచ్చాను. గిన్నెల్లో పోసి మూలమూలలా పెట్టాం. ఫ్యాన్లన్నీ తెచ్చి నేల మీదకి తిప్పాం. నా గోడ మీటరు తీసుకెళ్లి అక్కడ తగిలించాం. పిన్ని దాని ముందు పీట వేసుకుని కూర్చుంది.

"ఎంతుంది?"

"అంతే ఉంది పిన్నిగారూ."

"ఇప్పుడు?"

"ఇప్పుడే కదండీ చూశాం."

"ఇక చాలు లేవవే," అన్నాడు బాబాయి. ఆవిడ లేవలేదు. ఫ్యాన్ల గాలికి చీరకొంగు ఎగురుతోంది. "శుభ్రంగా ఉంచాను కదండీ," అంది ఎవరితోనో. "శుభ్రంగానే ఉంచాను కదా." అవును, శుభ్రంగానే ఉంచింది. నీళ్లు కింద ఉన్న మనిషి నెత్తిన పడ్డాయి, అంతే.

గదుల్లోని వాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఆసుపత్రిలో భర్త ఉన్న ఒకావిడ వెళ్తూ వెళ్తూ, "ఆ మగ్గు నేను తీసుకెళ్లనా పిన్నీ?" అని అడిగింది. పిన్ని బకెట్టు కూడా ఇచ్చేసింది.

ఆఖరి రోజుల్లో పిన్ని ఎక్కువగా కిందే ఉండేది. ముసలాయన సున్నం పొడిలోంచి గడియారం చక్రాలు ఏరుకుంటుంటే ఆవిడ చెయ్యి తడి చేసుకుని, వేలి కొసకి ఒక్కొక్కటే అంటించి తీసి ఇచ్చేది. ఆయనకీ ఇల్లు పోయింది. కూతురి దగ్గరికి వెళ్తానన్నాడు. ఇద్దరూ ఎన్నో ఏళ్ల స్నేహితుల్లా మాట్లాడుకునేవారు. ఆ మొదటి చిన్న చెమ్మ నాడు ఈ మాటలేవో మాట్లాడుకుని ఉంటే, ఒక షీటూ ఒక పూట పనీ సరిపోయేవి.

పిన్ని మళ్లీ హోటల్లో చేరింది. వెనకటి హోటల్ కాదు, వేరేది, కానీ గుడ్డ అదే. కొత్తగా తీసుకున్న ఒంటిగది ఇంట్లో బాబాయి నన్ను బాత్రూము దాకా తీసుకెళ్లి చూపించాడు. "చూశావా నాయనా, ఎంత పొడిగా ఉందో," అన్నాడు.

మాకూ ఒక ఫ్లాటు దొరికింది. మూడో అంతస్తు. సామాను ఎక్కిస్తున్న రోజున, హోటల్ డ్యూటీ దిగి అటే వచ్చింది పిన్ని. మంచం ఎక్కడ వెయ్యాలి, పాప ఉయ్యాల కిటికీకి ఎంత దూరంలో ఉండాలి అని నేను తల పట్టుకుని ఉన్నాను. ఆవిడ ఇల్లు చూడలేదు. బాత్రూము కూడా చూడలేదు. నేల మీద మడమతో రెండుసార్లు కొట్టి చూసింది.

"కింద ఎవరుంటారు?"

"తెలీదు పిన్నిగారూ. ఇంకా..."

"మంచం తర్వాత వెయ్యొచ్చు. ముందు పాపని ఎత్తుకుని కిందకి వెళ్లండి. తలుపు కొట్టండి. ఇదిగో, ఏడ్చేది ఇదే అని చూపించండి. ఎవరు ఏడుస్తున్నారో తెలిస్తే ఏడుపు కాస్త తక్కువ వినిపిస్తుంది. వచ్చేముందు వాళ్ల సీలింగు ఒకసారి చూడనివ్వమని అడగండి. సిగ్గుపడకండి. నెలకోసారి అడగండి."

ఆ తర్వాత మేం మరో ఇల్లు కూడా మారాం. పాప ఇప్పుడు ఏడవడం మానేసి గెంతుతోంది. నెలకోసారి దాని చెయ్యి పట్టుకుని కిందకి దిగి, తలుపు కొట్టి, సీలింగు చూసి వస్తున్నాను.