రోము మాస్టారి పాట, రాజోలు మర్యాద

నా రిటైర్మెంటుకు రెండు నెలల ముందు, ఒక డిసెంబరు మొదటి వారంలో, రేడియోలో ప్రోగ్రాం ఎగ్జిక్యూటివ్‌గా నాకు చివరి ఓబీ పడింది. ఓబీ అంటే స్టూడియో బయట చేసే రికార్డింగు. చోటు రాజోలు దగ్గర ఒక చర్చి. అంశం, నాలుగు వందల ఏళ్ళకు పైగా కిందట రోములో ఆరాధన పాటలు కట్టిన ఒక స్వరకర్త. ఆయన పేరుకు అక్కడెవరికీ నోరు తిరగక "రోము మాస్టారు" అనేవారు. నేనూ అదే అంటాను.

ఆయన జీవితం గురించిన భాగం స్టూడియోలోనే పూర్తి చేశాను. పెళ్ళయినవాడని పోపు గారి గాయక బృందంలోంచి తీసేశారు. తర్వాత వరసగా వచ్చిన మహమ్మారుల్లో భార్యా, ఇద్దరు కొడుకులూ పోయారు. అయినా పాటలు కట్టడం మానలేదు. ఇక మిగిలింది పాట, నాలుగు నిమిషాలది. నాలుగు గొంతులు ఒకే మాటను ఒకదాని వెనక ఒకటి అందుకోవాలి. ముందుది ఆగకూడదు, వెనకది ఆలస్యం కాకూడదు. పద్ధతి అంతే.

పాడిస్తున్నది దేవదానం మాస్టారు, రిటైరైన డ్రాయింగు టీచరు. పడుచు వయసులో రేడియోలో ఈ పాట విన్నారట. తన చర్చిలో పాడించి వినాలని అప్పటినుంచీ కోరిక. ఇప్పుడు చెవికి మిషను పెట్టుకున్నారు. వచ్చే ఏడాది క్రిస్మస్‌కి అదీ పనిచేయకపోవచ్చని డాక్టరు చెప్పారట. మాకు వ్యాను ఒక్కరోజుకే ఇచ్చారు, అయిదింటికల్లా బయల్దేరాలి. పొద్దున్న మేం పరికరాలు దించి వచ్చేసరికి టీ చల్లారిపోయి ఉంది. నా విసుగు అక్కడ మొదలైంది.

పాడేవాళ్ళు నలుగురు. పై గొంతు నర్సు సుగుణమ్మ గారు, మధ్య గొంతులు రెండూ ఆ చర్చివాళ్ళే. కింది గొంతుకు మనిషి దొరక్క కాట్రేనికోన నుంచి రొయ్యల చెరువుల రైతు, భజనల్లో పేరున్న సత్తిరాజు గారిని పిలిపించారు. సుగుణమ్మ గారు ఎత్తుకున్నారు. మాస్టారు చెయ్యి చూపించినా రెండో గొంతాయన అందుకోలేదు, ఆవిడ వాక్యం పూర్తి కావాలని చూశాడు. అది గమనించి ఆవిడ ఆగిపోయారు. సత్తిరాజు గారు చేత్తో "మీరు కానివ్వండి" అన్నారు. ఇలా తొమ్మిది టేకులు పోయాయి. నేను చెప్పినప్పుడల్లా అందరూ "ఆయ్, అలాగేనండీ" అనేవారు, మళ్ళీ అదే చేసేవారు. చివరికి నేను గొంతు పెంచాను. సత్తిరాజు గారు మాత్రం నెమ్మదిగానే అన్నారు:

"ఒకరు దేవుడితో మాట్లాడతా ఉంటే మధ్యలో మాట కలపడం ఏం మర్యాదండీ?"

నాకు ఒళ్ళు మండింది. అయినా ఆయన అన్నది కొత్తదేమీ కాదు. ఇలా గొంతులు ఒకదానిమీద ఒకటి పడితే దేవుడి మాట వినబడదని రోము మాస్టారి కాలంలో మతపెద్దలూ గొడవ పెట్టారు.

భోజనాలయ్యాక నాకు తెలిసిన విద్యంతా వాడాను. ఒక్కొక్కరినీ పక్కగదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోనులో తాళం మాత్రమే వినిపించి, నాలుగు ట్రాకులూ విడివిడిగా తీసుకుని కలిపాను. వెంట్రుకవాసి తేడా లేదు. గర్వంగా స్పీకరులో పెట్టాను. మాస్టారు మిషను సర్దుకుంటూ చివరిదాకా విన్నారు.

"బాగుందండీ. కానీ నాకు అంతా ఒకటే హోరుగా ఉందండీ. ఎవరేం పాడేరో తెలవలేదు. ఒక్కసారి కలిసి పాడేస్తారండీ."

నాలుగున్నరయింది. డ్రైవరు హారను కొడుతున్నాడు. మర్యాద చేసుకోండి గానీ ఆగొద్దని మాత్రం చెప్పి మైకు తెరిచాను. అందరూ ఆలస్యంగానే అందుకున్నారు, ఒక్కొక్కరు ముందువారికి అర అక్షరం దారి వదిలారు. కానీ ఎవరూ ఆగలేదు. నాలుగు నిమిషాల పాట అయిదు నిమిషాలు పట్టింది. మాస్టారు చెయ్యి దించి, "నలుగురూ నాలుగు వేపుల నుంచీ వచ్చేరండీ, అందరూ వినబడ్డారు," అన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది, విసుగుతో మాత్రం కాదు.

ఆ టేకే ప్రసారం చేశాను. దానికోసం నా వ్యాఖ్యానంలో ఒక నిమిషం కోసేశాను. సమీక్ష రిపోర్టులో "స్వరాలు ఆలస్యంగా ప్రవేశించాయి, పర్యవేక్షణ లోపం" అని రాశారు. నా సర్వీసులో అలాంటి రిమార్కు అదొక్కటే.

నేర్చుకున్నది ఇది: మైకు పెట్టేముందు అక్కడి మనుషులు ఒకరితో ఒకరు ఎలా మసలుకుంటారో చూడాలి. ఆ పొద్దున్నే చూసి ఉంటే తొమ్మిది టేకులు మిగిలేవి. మేం రాకముందే టీ వచ్చిందట. మీరు ముందంటే మీరు ముందని మొదటి గ్లాసు ఎవరూ తీసుకోలేదు.