ఎడమ తలుపు

ఆ ఇంట్లో పెద్దకోడలికీ మరిదికీ మాటలున్నాయంటే అవి దెబ్బలాడుకోవడానికే. ఆమె గదిలో ఒక డొక్కు కంప్యూటర్ ఉంది. దెబ్బలాటంతా దాని గురించే.

ఆ కంప్యూటర్ ఆమె మొగుడిది. బట్టల గోదాములో కెమెరాలు చూసే ఉద్యోగం అతనిది. ఎవడు ఏ మూట ఎటు మోస్తున్నాడో రోజంతా తెరల మీద కనిపెట్టడమే పని. అంత చూసి ఇంటికొచ్చాక కూడా కెమెరాలు చూసే ఆటే ఆడేవాడు. "ఉప్పు అమ్మేవాడు ఇంటికొచ్చి ఉప్పే నాకినట్టుంది వీడి వరస" అని అత్త ఈసడించేది.

ఆటలో ఒక మూసేసిన బట్టల కొట్టు. కాపలావాడు ఒక్కడే గదిలో కూర్చుని కెమెరాలు చూడాలి. బట్టలు తొడిగి నిలబెట్టిన బొమ్మలు చూసినంతసేపూ బుద్ధిగా ఉంటాయి, చూపు తిప్పితే నడిచొస్తాయి. గదికి ఎడమవైపొక తలుపు, కుడివైపొక తలుపు. అడుగుల చప్పుడు ఎటు వినిపిస్తే అటు తలుపు వేయాలి. రెండూ వేసుకుని కూర్చుందామంటే కరెంటు అయిపోతుంది. తెల్లారేదాకా బతికితే ఆ రాత్రి గెలిచినట్టు. అలాంటివి ఐదు రాత్రులు.

అతనికి చిన్నప్పటినుంచీ ఒక చెవి వినపడదు. చప్పుడు తెలిసేది గానీ ఎటునుంచో తెలిసేది కాదు. అందుకని ఆమె పక్కన కూర్చునేది. "ఎడమ!" అని ఆమె అరిస్తే అతను మీట నొక్కేవాడు. "కుడి!" అంటే అటువైపు మీట. చెవులు ఆమెవి, చేతులు అతనివి. అలా నాలుగు రాత్రులు దాటారు. ఐదోది మాత్రం ఎంతకీ లొంగలేదు. "గెలిస్తే ఆట అయిపోతుందే. నా పేరు చెరిగిపోయి మళ్ళీ మొదటికొస్తుంది. తొందరేముంది?" అనేవాడు. ఆ ఐదో రాత్రి అలా ఉండగానే జ్వరమొచ్చి పోయాడు.

ఇప్పటికీ ఆట తెరిస్తే అతని పేరూ, పక్కన ఐదు అంకే కనపడతాయి. రోజూ ఒకసారి తెరిచి, చూసి, కట్టేస్తుంది ఆమె.

ఒక మధ్యాహ్నం మరిది గుమ్మంలో నిలబడ్డాడు.

"వదినా, కంప్యూటర్ నా గదిలో పెట్టుకుంటా. నీకెందుకది, దుమ్ము తుడవడానికా?"

"నీ మొహం తుడుచుకోడానికి గుడ్డముక్క కూడా ఇవ్వను. కంప్యూటర్ ఇస్తానా?"

"ఆ ఐదో రాత్రి నేను చిటికెలో గెలిచేస్తా. అన్నయ్య ఒంటి చెవితో ఎన్నాళ్ళు పడ్డాడో పాపం."

ఒంటి చెవి అనేసరికి ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నువ్వు గెలిచేదేంటి? నేనే గెలుస్తా."

"అయితే ఇప్పుడే ఆడు. గెలిస్తే నీ గదిలోనే పడుండనీ. ఓడితే తీగలు పీకేస్తా. అమ్మే సాక్షి."

"నా సాక్ష్యం తగలెయ్య! మీ దయ్యాల గోలకి చెవులు చిల్లులు పడుతున్నాయి" అని ముందుగదిలోంచి అత్త కసిరింది.

నోరు జారాక గానీ ఆమెకు తెలిసిరాలేదు. ఓడితే కంప్యూటర్ పోతుంది. గెలిస్తే ఆ పేరు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అయినా మరిది ముందు తగ్గేదెలా? కూర్చుంది.

చేతులు మొదట తడబడ్డా తర్వాత కుదురుకున్నాయి. కుడివైపు చప్పుడు, తలుపు వేసింది, తీసింది. మరిది వెటకారం ఆగిపోయింది. తెర మీద తెల్లవారబోతోంది. అప్పుడు వినిపించాయి అడుగులు.

"ఎడమ!" అని అరిచింది.

అరిచి, ఊరుకుంది. మీట ఆమె వేలి కిందే ఉంది. కానీ అన్నాళ్ళూ అరవడం వరకే ఆమె వంతు, నొక్కే చెయ్యి పక్కనుంచి వచ్చేది. ఆ చెయ్యి కోసమే చూస్తూ ఉండిపోయింది. బొమ్మ తెర నిండా మీద పడి కీచుమంది.

"అయిపోయింది వదినా, లే!" మరిది నవ్వుతూ వంగి తీగ పట్టుకున్నాడు.

"ఆ తీగ వదలరా."

గుమ్మంలో అత్త. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. ఎన్నాళ్ళుగానో ఆ గదిలోంచి వినపడని అరుపు విని లేచొచ్చింది.

"పందెం ఓడిందమ్మా!"

"పందెమూ లేదు, గిందెమూ లేదు. వాడి వస్తువు వాడి గదిలోనే ఉంటుంది. ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా." కోడలి వైపు తిరిగింది. "నువ్వేం చూస్తున్నావు, మొద్దులా? పాలు పొంగిపోతున్నాయి, పో!"

ఆమె కదల్లేదు. తెర వెలిగింది. అతని పేరు అలాగే ఉంది, పక్కన ఐదు అలాగే ఉంది. ఓడితే ఏమీ చెరగదు.

అప్పటినుంచీ గిన్నెలు తోమడం అయ్యాక ఆ ఐదో రాత్రి ఆడుతుంది. చేతులకి ఇప్పుడు అన్నీ తెలుసు. తెల్లవారబోయే వేళకి మాత్రం వాటిని ఒళ్ళో పెట్టేసుకుని "ఎడమ!" అని గట్టిగా అంటుంది.

"ఇన్నిసార్లు ఓడడానికి సిగ్గులేదూ?" అంటాడు మరిది, అటుగా పోతూ.

"లేదు. తలుపు వేసి పో."