కాకి ముట్టిన విస్తరి

మా ఇంట్లో పెత్తరమాస దసరా కన్నా పెద్ద పండుగ. బతుకమ్మ మొదలయ్యే ఆ అమావాస్యనాడు, చనిపోయిన పెద్దలకు వాళ్లు బతికుండగా ఇష్టపడినవన్నీ వండి పెట్టాలి. మా మామకు తలకాయ కూర, బగారన్నం, సీసాడు కల్లు. ఆయన తల్లికి గారెలు, బూరెలు. పెద్దలు తినేదాకా ఇంకెవరూ రుచి చూడకూడదు. ఉప్పూ కారమూ చేతి అంచనాతో, వాసనతో సరిపోవలసిందే. విస్తర్లు మిద్దె మీద పెట్టాక కాకి వచ్చి ముడితేనే మిగతావాళ్లకు అన్నం. పిల్లలు ఆకలికి ఏడ్చినా అంతే.

విమానాశ్రయం వచ్చాక మా ఊరికి కాకుల కరువు వచ్చింది. పొలాలు గోడ లోపలికి పోయాయి, చెట్లు పోయాయి. పక్షులు విమానాలకు అడ్డం వస్తాయని టపాకాయలు కాల్చి మరీ వాటిని తరిమేవాళ్లు. ఆ తరిమే పని మా మరిదికే దొరికింది. కొడుకు జీతం తీసుకుని కాకులను వెళ్లగొడుతుంటే తల్లి వాకిట్లో నిలబడి కావు కావుమని పిలుస్తోందని ఊళ్లో నవ్వుకునేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని.

విమానాశ్రయం తెరిచిన నాలుగో ఏడు అది. మరిదికి పెళ్లయి ఎనిమిది నెలలైంది. అతని భార్యది కొత్వాల్‌గూడ. తోడికోడలిని మా వైపు యారాలు అంటారు. నా యారాలు నోట్లో నాలుక లేని పిల్ల. ఆమె పెళ్లయిన రెండు నెలలకే తండ్రి పోయాడు. తల్లి అంతకుముందే లేదు, అన్నదమ్ములు అసలే లేరు. పెత్తరమాసనాడు ఆయనకు పెట్టే దిక్కు లేదన్నమాట.

పండుగకు నాలుగు రోజుల ముందు అత్త మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టుకుంది. తలకాయ శంషాబాద్‌లో ఎవరి దగ్గర తేవాలి, మినప్పప్పు ఎంత నానబెట్టాలి, చుట్టాల్లో ఎవరికి కబురు చేయాలి, అన్నీ చెప్పింది. చెప్పడం అయిపోయాక ఈ పిల్ల నేల చూపులు చూస్తూ నోరు తెరిచింది.

"అత్తమ్మా, మా బాపుకు గూడ ఒక్క ఇస్తారి పెడ్త. చేపల పులుసంటె ఆయనకు పానం. జరంత వండుత, గంతే."

నేను వెల్లుల్లి ఒలవడం ఆపి అత్త మొహం చూశాను. రాబోయే జవాబు నాకు నోటికొచ్చు. తొమ్మిదేళ్ల కింద, ఈ ఇంట్లో నా మొదటి పెత్తరమాసకు, నేనూ ఇదే అడిగాను. మా బాపు అప్పటికే పోయాడు, ఆయనకు నేనొక్కదాన్నే బిడ్డను. ఆయనకు జొన్నరొట్టె, పుంటికూర పప్పు ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. ఆనాడు అత్త పొయ్యి మీది నుంచి చూపు కూడా తిప్పలేదు.

"అత్తగారింటి పెద్దలే నీకు పెద్దలు. నీ చేతి మెతుకు నీ తండ్రికి చేరది" అంది.

అదే అత్త ఇప్పుడు మోకాళ్లు రుద్దుకుంటూ కాసేపు ఆలోచించింది. "పెట్టు. కాకి ముడితె ఏడాదికేడాది పెట్టుకో. ముట్టకపోతె ఇగ మల్ల అడగొద్దు" అంది.

తొమ్మిదేళ్లు మామకు తలకాయ కూర వండిన నా చేతులు మా బాపుకు ఒక్క ముద్ద పెట్టలేదు. ఈమె వచ్చి ఎనిమిది నెలలు, ఒక్కసారి అడిగింది, అంతే. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటారే, ఆ పని ఆ క్షణమే మొదలుపెట్టాను.

ఆ నాలుగు రోజులూ ఆమెను రాచి రంపాన పెట్టాను. తలకాయ మంటల్లో కాల్చి, వెంట్రుకలు గీకే పని ఆమెకే ఇచ్చాను. పొగకు కళ్లు వాచినా ఇంకా నల్లగా ఉందని మళ్లీ గీకించాను. పండుగనాడు పొద్దున్నే ఎవరినో బతిమాలి హిమాయత్‌సాగర్ చేపలు రెండు తెప్పించుకుంది. మా పెద్దల కూర ఉడికే పొయ్యి మీద నీచు పులుసు పెట్టవద్దన్నాను. ఆ పొయ్యి మీది తలకాయ కూరది మాత్రం నీచు కాదా అని ఆమె అడగలేదు. వాకిట్లో మూడు రాళ్లు పెట్టుకుంది. సన్నగా వాన పడుతుంటే ఒక చేత్తో రేకు అడ్డం పట్టుకుని, ఇంకో చేత్తో పులుసు కలిపింది. వాసనకే నోరూరింది. దానికీ నాకు కోపమే వచ్చింది.

అత్త మెట్లెక్కలేదు. తన తండ్రి విస్తరికి తనే సాక్ష్యం చెప్పుకుంటే కుదరదని యారాలిని కిందే ఉండమంది. కాకి ముట్టిందో లేదో చూసి చెప్పే పని నాకు పడింది. మిద్దె మీద మూడు విస్తర్లు పెట్టాను, మా పెద్దలవి రెండు, ఆమె తండ్రిది ఒకటి. చాలాసేపు ఏ కాకీ రాలేదు. చివరికి నీళ్ల ట్యాంకు మీద ఒకటి వాలింది. అటూ ఇటూ చూసి, మా మామ తలకాయ కూరను దాటి, నేరుగా చేపల విస్తరి దగ్గరికి నడిచింది. ఆకు చిరిగేలా పొడిచి పొడిచి తింది. నడిమి ముక్క నోట కరుచుకుని గోడ మీదికి ఎగిరి మరీ తింది. తర్వాతే మా వాళ్ల విస్తర్లు ముట్టింది.

అంతా చూశాను. చూసి, ఆ విస్తరి చుట్టచుట్టి వెనక పెంటకుప్ప మీదికి విసిరాను. మెట్లు దిగి వచ్చాను.

"మన పెద్దలు తిన్నరు అత్తమ్మా. చేపలది ముట్టలె" అన్నాను.

యారాలు నా మొహంలోకి చూసింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. బతికినప్పుడు ఆయన ఏం పాపం చేశాడోనని చుట్టాల్లో ఒకామె అంటే, అత్త తల ఊపింది. ఆ పిల్ల అందరికీ వంగి వంగి వడ్డించింది. మిగిలిన పులుసు కుక్కకు పోయమంటే పోసింది. అబద్ధం ఎందుకు, నేను ఆ రోజు కడుపునిండా తిన్నాను.

పొద్దు వాలాక ఎంగిలాకులు పారేయడానికి వెనక్కి వెళితే ఆమె పెంటకుప్ప దగ్గర నిలబడి ఉంది. చేతిలో ఆ విస్తరి ఉంది. చుట్ట విప్పింది. ముక్కుతో పొడిచిన చిరుగులు, నడిమి ముక్క లేని చేప, అన్నీ కనిపిస్తున్నాయి. కోళ్లు పొడిచాయని చెబుదామని మాట సిద్ధం చేసుకున్నాను. ఆమె అడగలేదు. ఆకు మళ్లీ చుట్టి, ఉన్నచోటే పెట్టి, నా పక్క నుంచే లోపలికి పోయింది.

మరుసటి ఏడు అత్త మళ్లీ మమ్మల్ని కూర్చోబెట్టుకుంది. ఈసారి ఆ పిల్ల తన తండ్రి మాట ఎత్తలేదు. నన్ను చూపించి, అక్క వాళ్ల బాపుకు ఒక విస్తరి పెడదామంది. అత్త నిరుటి మాటే మళ్లీ అంది, కాకి ముడితే సరే అని.

పదేళ్ల తర్వాత మా బాపుకు జొన్నరొట్టె కొట్టాను. పుంటికూర పప్పులో ఉప్పు వేశానో లేదో గుర్తులేదు, రుచి చూడకూడదు. నిరుటి లెక్క ప్రకారమే మిద్దెక్కడం యారాలి వంతైంది. నేను మెట్ల కింద నిలబడి చెవులు రిక్కించాను. విమానాశ్రయం వైపు నుంచి టపాకాయల చప్పుడు ఆగకుండా వస్తోంది. కావుమన్న మాట ఒక్కటీ వినిపించలేదు. కాసేపటికి ఆమె దిగి వచ్చింది. అందరూ తిన్నరని అత్తకు చెప్పింది. ఇగ ఏడాదికేడాది పెట్టుకొమ్మని అత్త నాతో అంది. విస్తర్లు చూద్దామని పైకి పరుగెత్తాను. అన్నీ తీసి పారేసింది, పెంటకుప్ప మీద కూడా లేవు.

నేను దిగి వచ్చాక యారాలు కుండ దగ్గర చేతులు కడుక్కుంటూ, నాకు మాత్రమే వినపడేలా అంది:

"నిరుడు నువ్వు చూసినట్లే చూసిన, అక్కా."

ఆనాడు మా బాపు తిన్నాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమెను అడగాలంటే ముందు నా అబద్ధం నేను ఒప్పుకోవాలి. అది అత్త చెవిన పడితే ఆమె తండ్రికి విస్తరి దొరుకుతుంది. కానీ అప్పుడు ఇద్దరు కోడళ్ల సాక్ష్యమూ అత్త నమ్మడం మానేస్తుంది, మా బాపు విస్తరి పోతుంది. ఆ లెక్క నాకన్నా ముందే ఆమె వేసుకుంది.

ప్రతి పెత్తరమాసకూ ఆమె మూడు ఆకులు కడిగి పరుస్తుంది. మా బాపుకు ఇంకో రొట్టె వేయమని తనే గుర్తు చేస్తుంది. నాలుగో ఆకు ఆమె అడగదు, నేను పరవను.